ఊఁ కొట్టని పరీక్ష

ఆ సెలూన్లో కుర్చీ ఒకటే, అద్దం ఒకటే, నియమమూ ఒకటే. కుర్చీలో కూర్చున్న మనిషి నిద్రపోకూడదు.

అది చెప్పినంత సులువా! మెడ చుట్టూ తెల్లగుడ్డ, మొహం నిండా వెచ్చటి నురగ, నెత్తిమీద తిరుగుతున్న ఫ్యాను. ఎంతటివాడికైనా కళ్లు మూతలు పడతాయి. పడ్డాక తల ఓ పక్కకి ఒరుగుతుంది. సరిగ్గా అప్పుడే కత్తి గొంతు దగ్గర ఉందనుకోండి, ఇంక చెప్పేదేముంది! అందుకని సెలూన్ తాతయ్య ఓ ఏర్పాటు చేసుకున్నాడు. గోడవారన బల్లమీద కూర్చుని ఎవరో ఒకరు పేపరు పైకి చదవాలి. ఒక వాక్యం చదివి ఆగాలి. కుర్చీలో మనిషి "ఊఁ" అనాలి. నోరు తెరవక్కర్లేదు, పెదవి కదపక్కర్లేదు, ముక్కుతో అన్నా చాలు. "ఊఁ" వినిపిస్తే మనిషి మేలుకునే ఉన్నట్టు, కత్తి ముందుకు సాగుతుంది. వినిపించలేదో, కత్తి గాల్లోకి లేస్తుంది. తాతయ్య భుజం తట్టి, "ఏం బాబూ, ఏ లోకంలో ఉన్నారు?" అని పలకరిస్తాడు.

కుర్చీలోంచి వచ్చిన "ఊఁ" వెనకాలే తాతయ్య కూడా తన వంతు ఒకటి కలిపేవాడు. దాని చివర ఓ చిన్న దగ్గు. "సరే, నేనూ విన్నాను, కానివ్వండి" అని దాని అర్థం. అది పడితేగాని తర్వాతి వాక్యం మొదలవదు.

ఒకప్పుడు పేపరు చదివి పెట్టమని వచ్చేపోయేవాళ్ల గెడ్డం పట్టుకుని బతిమాలేవాడు. గెడ్డం పట్టుకోవడం ఎలాగూ ఆయన వృత్తేననుకోండి. మనవరాలికి అక్షరాలు వచ్చాక ఆ బెంగ తీరింది. కూతురి కూతురు, మూడో తరగతి. ఒకచోట కుదురుగా ఉండదు, మాటకి మాట అప్పజెబుతుంది, అందుకే అందరూ పిడుగు అని పిలుస్తారు. పిడుగు కుదురుగా కూర్చునే చోటు లోకంలో ఏదన్నా ఉందంటే ఆ బల్లే. బడి వదలగానే వచ్చేసి, సంచీ బల్లకిందకి తన్నేసి, పేపరు ఒళ్లో పరుచుకుని కాళ్లూపుతూ మొదలెట్టేది. ధరలు, దొంగతనాలు, ఆటల పోటీలు, రేపు వాన పడుతుందో లేదో, అన్నీ చదివేది. అర్థం కానివాటిని మరికాస్త గట్టిగా చదివేది. వాక్యం, ఊఁ. వాక్యం, ఊఁ. అలా సాయంత్రాలు హాయిగా వెళ్లిపోయేవి. ఆ వేళ కోసమే తాతయ్య పొద్దుటి నుంచీ ఎదురుచూసేవాడు. ఎవరికీ చెప్పేవాడు కాదుగానీ, ఎదురుచూసేవాడు.

అలాంటి పిడుగుకి చదవడం రాదని బడివాళ్లు తేల్చారు.

ఆ కబురు మోసుకొచ్చింది కూతురు. ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ బట్టలతోనే సెలూన్లోకి వచ్చి, గుమ్మంలోనే నిలబడి, "నాన్నా, పిడుగు పరీక్ష పోయింది" అంది.

"ఏం పరీక్షా?"

"చదివే పరీక్ష. సర్కారు బళ్లలో మూడో తరగతి పిల్లలందరికీ ఒకటే పాఠం, ఒకటే నిమిషం. బయటి నుంచి ఒకాయన స్టాప్‌వాచీ పట్టుకొస్తాడు. నిమిషంలో అరవై మాటలు చదివితే పై తరగతి, లేకపోతే మళ్లీ ఇదే తరగతి. ఇది ఎన్ని చదివిందో తెలుసా? ఏడు."

తాతయ్య ఇంతెత్తున లేచాడు. "ఏడా! మా పిడుగా! నిన్న సాయంత్రం పేపరు ఈ చివర నుంచి ఆ చివరిదాకా చదివిన పిల్ల ఏడు మాటలు చదివిందా? ఆ వాచీ ఆగిపోయి ఉంటుంది. లేకపోతే ఆయనకి లెక్కపెట్టడం రాదేమో!"

కుర్చీలో సగం గెడ్డంతో ఉన్న పోస్టుమాను "ఊఁ" అన్నాడు. ఎందుకన్నాడో ఆయనకే తెలీదు.

"వాచీ కాదు నాన్నా. పిల్ల చదువుకోడానికి లెక్కలూ ఉన్నాయి, ఇంకేవో ఉన్నాయి. ఇక్కడ కూర్చుని నీతో పోసుకోలు కబుర్లు చెప్పుకుంటూ ఉంటే ఇలాగే అవుతుంది. రేపు నువ్వే వెళ్లి టీచరమ్మతో మాట్లాడు. నాకు పొద్దుటి డ్యూటీ." అనేసి వెళ్లిపోయింది. పిడుగు బల్లమీద బిక్కమొహం వేసుకుని కూర్చుంది. ఆ సాయంత్రం పేపరు విప్పలేదు.

మర్నాడు తాతయ్య సెలూన్ తలుపు ఆలస్యంగా తెరుస్తానని పక్క కొట్టువాడికి చెప్పి, ఉతికిన చొక్కా తొడుక్కుని, మనవరాలి చెయ్యి పట్టుకుని బడికి బయల్దేరాడు. ఎలా దులిపెయ్యాలో దారంతా మనసులో మాటలు పేర్చుకున్నాడు. తీరా చూస్తే టీచరమ్మ ఆయన కోసం కుర్చీ తుడిచి వేసింది. మనిషి మెత్తగా మాట్లాడుతుంటే ఎలా దులుపుతాం చెప్పండి! పేర్చుకున్న మాటలన్నీ గొంతులోనే ఉండిపోయాయి.

"నాకూ అంతుబట్టడం లేదు తాతగారూ," అంది టీచరమ్మ. "క్లాసులో బాగానే చదువుతుంది. పరీక్షలో మొదటి వాక్యం గలగలా చదివిందట. అంతే. తల ఎత్తి ఆయన మొహంలోకి చూస్తూ కూర్చుందట. నిమిషం గడిచిపోయింది."

"మరి ఆ పెద్దమనిషి 'చదువమ్మా' అనొచ్చు కదా! నోట్లో ముత్యాలు రాలిపోతాయా?"

"అనకూడదండీ. అది రూలు. ఒక బళ్లో ఆయన నవ్వుతూ ధైర్యం చెప్పి, ఇంకో బళ్లో ఆయన కసిరితే అందరికీ ఒకే పరీక్ష ఎలా అవుతుంది? అందుకని ఎవరూ ఏమీ అనకూడదు. తల ఊపకూడదు, నవ్వకూడదు, కనుబొమ కూడా ఎగరెయ్యకూడదు."

అదీ నిజమేననిపించింది తాతయ్యకి. కోపం తగ్గి మనవరాలి వైపు తిరిగాడు.

"ఏమే, ఎందుకు ఆగిపోయావు? భయమేసిందా?"

"భయమెందుకూ! ఆయన ఊఁ అనలేదు కదా తాతయ్యా."

"ఏంటీ?"

"ఊఁ అనలేదు. నిద్రపోయాడేమో అనుకున్నా. కళ్లు తెరుచుకుని నిద్రపోయేవాళ్లు కూడా ఉంటారని నువ్వే చెప్పావుగా, ఆ పోస్టుమాను మామ ఉన్నాడు చూడూ, ఆయన లాగా. మనం చదువుకుంటూ పోతే ఆయనకి ఏమన్నా అయితే? లేస్తాడేమోనని చూస్తూ కూర్చున్నా. లేవలేదు."

టీచరమ్మకి అర్థం కాలేదు. సెలూన్ సంగతి తాతయ్య చెబుతుంటే ముక్కున వేలేసుకుంది. తర్వాత నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఠక్కున ఆపేసి, "అయ్యో! క్లాసులో పిల్లలు చదువుతుంటే నేనూ ఊఁ అంటానండీ! ఊఁ, ఊఁ, కానీ, అంటూనే ఉంటాను. అందుకే నాకు తెలీలేదు," అంది.

తాతయ్యకి మాత్రం నవ్వు రాలేదు. పిల్ల తప్పేం లేదు, వాచీ ఆయన తప్పూ లేదు. తప్పంతా తనదే. గొంతులు తెగకుండా ఉండాలని తను పెట్టుకున్న పద్ధతి తిరిగి తిరిగి పిల్ల మెడకే చుట్టుకుంది.

"ఇంకో అవకాశం ఉందండీ," అంది టీచరమ్మ. "పోయినవాళ్లకి వచ్చే వారం మళ్లీ పెడతారు. అదే ఆఖరు. ఇంట్లో ఆపకుండా చదవడం అలవాటు చెయ్యండి."

రాత్రి భోజనాల దగ్గర విషయం విని కూతురు ఒకే మాట అంది. "ఈసారి కూడా పోతే అది బడి నుంచి నేరుగా ఇంటికే నాన్నా. సెలూన్ గడప తొక్కనివ్వను." కోపంగా కూడా అనలేదు. కోపంగా అని ఉంటే బావుండేదనుకున్నాడు తాతయ్య.

ఇంక చూస్కోండి, సెలూన్లో కొత్త చట్టం వచ్చింది. అద్దం మీద సబ్బు నురగతో తాతయ్యే రాశాడు: ఊఁ అనరాదు.

"ఇదెక్కడి గొడవయ్యా!" అన్నాడు పోస్టుమాను కుర్చీలో కూర్చుంటూ. "ఇన్నాళ్లూ అనకపోతే తిట్టేవాడివి. ఇప్పుడు అంటే తిడతావా?"

"పిల్ల చదువు కోసం. కాస్త నోరు కట్టేసుకోండి."

"ముక్కు?"

"అదీను."

పిడుగు పేపరు తీసింది. ఒక వాక్యం చదివింది. ఫుల్‌స్టాప్ దగ్గర నోరు దానంతటదే మూతపడింది. "చదువు, చదువు, ఆగకు" అన్నాడు తాతయ్య. "ఆగట్లేదు తాతయ్యా, అదే ఆగుతోంది" అంది పిడుగు. మళ్లీ ఒక వాక్యం. మళ్లీ మూత. కళ్లు పైకి లేచి తాతయ్య వైపు చూశాయి. ఇంక ఆయన వల్ల కాలేదు. "ఊఁ" అన్నాడు, దగ్గాడు. పిల్ల చక్కగా తర్వాతి వాక్యంలోకి వెళ్లిపోయింది.

"నువ్వే అన్నావు!" అన్నాడు పోస్టుమాను.

"పొరపాటున వచ్చేసింది."

పొరపాటున రెండోసారి కూడా వచ్చింది, మూడోసారి కూడా. ఆఖరికి తాతయ్య దువ్వెన తీసి పళ్ల మధ్య అడ్డంగా పెట్టుకున్నాడు. నోటికి తాళం పడిందిగానీ, ఊఁ అనడానికి నోటితో పనేముంది? దువ్వెన దువ్వెనే, ముక్కులోంచి "ఊఁ" ఊఁయే. పిడుగు నవ్వు ఆపుకోలేక పేపరులో మొహం దాచుకుంది. రోగం పిల్లదనుకున్నారుగానీ, అసలు ముదిరింది తాతయ్యకి.

ఈ గొడవలో పడి కుర్చీలో మనిషిని ఎవరూ పట్టించుకోలేదు. ఊఁ అనే పని లేకపోయేసరికి పోస్టుమాను సుఖంగా నిద్రపోయాడు. మీసం చివర సరిచేద్దామని తాతయ్య కత్తెర పెట్టాడో లేదో, తల కాస్తా ఎడమపక్కకి ఒరిగింది. కరక్. మీసంలో కుడిసగం తెల్లగుడ్డ మీద పడింది.

పోస్టుమాను కళ్లు తెరిచి అద్దంలో చూసుకున్నాడు. చాలాసేపు చూసుకున్నాడు. "నా పెళ్లి ఫోటోలో కూడా ఉందయ్యా ఇది," అన్నాడు నీరసంగా. రెండో సగం కూడా తీసెయ్యడం తప్ప ఇంక చేసేదేం లేకపోయింది. తాతయ్య వద్దన్నా డబ్బులు ఇచ్చి, మూతి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని వెళ్లాడు. గుమ్మం దాటాక వెనక్కి తిరిగి, "పరీక్ష పాసైతేనే నిన్ను క్షమిస్తా, పిడుగూ!" అని కూడా అన్నాడు.

మిగతా రోజులూ అలాగే గడిచాయి. ఆపకుండా రెండు వాక్యాలు వచ్చిన రోజు పండగే. మూడో వాక్యం దగ్గర మళ్లీ కథ మొదటికి. పైకి "ఏం పర్లేదే, ఆ వేళకి అదే వస్తుంది" అనేవాడుగానీ, తాతయ్య లోపల కుదేలైపోయాడు. ఖాళీ బల్ల కళ్లముందు కనిపించేది. పేపరు మడత విప్పకుండా ఉన్న బల్ల.

పరీక్ష రోజు టీచరమ్మ ఆయన్ని వరండాలో కిటికీ పక్కన కూర్చోబెట్టింది. "చూడొచ్చుగానీ నోరు మెదపకూడదు తాతగారూ. చిన్న శబ్దం వినపడినా పరీక్ష రద్దు. నా చేతుల్లో కూడా ఏం ఉండదు," అని చెప్పింది. తాతయ్య భుజంమీది తువ్వాలు తీసి నాలుగు మడతలు పెట్టి నోటికి అడ్డంగా పట్టుకున్నాడు. ముక్కుని కూడా కలిపి పట్టుకున్నాడు, మొన్నటి అనుభవం ఉందిగా.

లోపల బల్లకి అటు స్టాప్‌వాచీ ఆయన, ఇటు పిడుగు. ఆయన పొట్టిగా, గుండ్రంగా, నిజానికి నవ్వుమొహం మనిషే. ఆ నవ్వుని బలవంతాన బిగబట్టి కూర్చున్నట్టు తెలుస్తూనే ఉంది. కాగితం పిల్ల ముందు పెట్టి వాచీ నొక్కాడు.

"వాన వెలిశాక కుక్కపిల్ల అరుగు దిగి వీధిలోకి వచ్చింది," అని చదివింది పిడుగు. గొంతు గంటలా ఉంది.

ఆగింది.

వాచీ టిక్కుటిక్కుమంటోంది. పిడుగు ఆయన మొహంలోకి చూసింది. ఆయన రాయిలా కూర్చున్నాడు. పాపం, ఆయన మాత్రం ఏం చేస్తాడు! పిడుగు తల తిప్పి కిటికీ వైపు చూసింది. తాతయ్య కళ్లలోకి చూసింది.

గొంతులోకి వచ్చేసింది ఊఁ. అక్కడిదాకా వచ్చి తువ్వాలు కింద కొట్టుకుంటోంది. ఒక్కటి, ఒకే ఒక్కటి అంటే చాలు, పిల్ల వరదలా సాగిపోతుంది. అంటే పరీక్ష రద్దు. అనకపోతే పిల్ల ఇలాగే కూర్చుంటుంది. తను అలా చూస్తూ ఉన్నంతసేపూ అది ఎదురుచూస్తూనే ఉంటుంది. ఆ సంగతి తాతయ్యకి తట్టిన క్షణం చాలా చేదుగా ఉంది. మనవరాలు ఊఁ కోసం తన వైపు చూస్తుంటే మొహం తిప్పుకోవడం ఆయన ఏనాడూ ఎరగడు.

తిప్పుకున్నాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే కిటికీకి వీపు పెట్టి, ఎదురుగా ఉన్న ఖాళీ ఆటస్థలం వైపు చూస్తూ ఉండిపోయాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. తువ్వాలు ఎలాగూ చేతిలోనే ఉంది కాబట్టి సరిపోయింది.

వెనకాల నిశ్శబ్దం. టిక్కుటిక్కు. అయిపోయింది, అంతా అయిపోయింది అనుకున్నాడు.

అప్పుడు లోపల్నుంచి వినిపించింది. "ఊఁ." చివర ఓ చిన్న దగ్గు.

తాతయ్య ఉలిక్కిపడి తువ్వాలు మరింత గట్టిగా నొక్కుకున్నాడు, అన్నది తనేనేమోనని. తను కాదు. కానీ ఆ ఊఁ తనదే. ఆ సాగదీత తనది, ఆ దగ్గు తనది. పిడుగు గొంతులోంచి వస్తోంది, అంతే తేడా.

"దాని కాళ్లకి బురద అంటుకుంది. ఊఁ, ఖుహూఁ. ఎదురింటి పిల్లి గోడమీంచి చూసి నవ్వింది. ఊఁ, ఖుహూఁ. కుక్కపిల్లకి కోపం వచ్చి..."

తాతయ్య వెనక్కి తిరగలేదు. తిరిగితే పాడైపోతుందని భయం. వీపుతోనే విన్నాడు. రోజూ కత్తి చేతిలో పట్టుకుని కుర్చీ వైపు తిరిగి నిలబడి, అలా వీపుతోనే కదా వినేది! కుక్కపిల్ల పిల్లిని తరిమింది, పిల్లి చెట్టెక్కింది, ఇద్దరి మీదా మళ్లీ వాన మొదలైంది, ప్రతి వాక్యానికీ ఒక ఊఁ, ఒక దగ్గు. వాచీ కీచుమని అరిచింది.

స్టాప్‌వాచీ ఆయన కాగితం మీద వేలు పెట్టి లెక్కపెట్టాడు. తన పుస్తకం తీసి ఓ పేజీ వెతుక్కున్నాడు. "చదివేవాళ్లు పాఠంలో లేని శబ్దాలు చేస్తే తప్పు కిందకి రావు, మాటల కిందకీ రావు," అని తనలో తాను చదువుకుని, మరోసారి లెక్కపెట్టి, పెన్ను మూత పెట్టాడు.

"అరవై మూడు," అన్నాడు. వాచీ ఆగింది కాబట్టి ఇంక రూలు లేదు. బిగబట్టిన నవ్వంతా ఒక్కసారిగా మొహం మీదకి వచ్చేసింది. "అన్నీ బావున్నాయిగానీ, మధ్యలో ఆ దగ్గు ఎవరిదమ్మా?"

"మా తాతయ్యది," అంది పిడుగు, కిటికీ వైపు వేలు చూపిస్తూ.

టీచరమ్మ వరండాలోకి వచ్చేసరికి తాతయ్య మొహం తువ్వాలులో దాచుకుని ఉన్నాడు. "గట్టెక్కింది తాతగారూ, ఇంక తువ్వాలు తియ్యొచ్చు," అంది. ఆయన తియ్యలేదు. కాసేపు ఆగమన్నట్టు చెయ్యి ఊపాడు.

సాయంత్రం సెలూన్లో అద్దం శుభ్రంగా తుడిచేశారు. రాత్రి డ్యూటీకి వెళుతూ కూతురు ఓ క్షణం ఆగి, బల్లమీది పేపరు తీసి పిల్ల ఒళ్లో పెట్టింది. తాతయ్యకి అది చాలు. నున్నటి మూతితో పోస్టుమాను కుర్చీలో కూర్చుని, "అరవై మూడంటే మాటలా! నా మీసం ఊరికే పోలేదు," అని గొప్పలు పోయాడు. తాతయ్య నురగ పూసి, కత్తి అందుకున్నాడు.

పిడుగు పేపరు విప్పింది. "రేపు ఆకాశం మేఘావృతమై ఉంటుంది. ఊఁ, ఖుహూఁ. అక్కడక్కడా జల్లులు పడే అవకాశం ఉంది. ఊఁ, ఖుహూఁ. గాలి వేగం..."

కత్తి గాల్లో ఆగిపోయింది. పోస్టుమాను ఊఁ అనబోయి మానేశాడు. అనడానికి సందు దొరకలేదు.

"ఇదిగో పిడుగా," అన్నాడు తాతయ్య. "అన్నీ నువ్వే అనేస్తే నేనేం చెయ్యనే?"

పిడుగు తలెత్తి చూసింది. తాతయ్య మొహంలో ఏం కనిపించిందో ఏమో, కాళ్లూపడం మానేసింది.

"పరీక్షలో నువ్వు అటు తిరిగిపోయావు కదా తాతయ్యా. అనేవాళ్లు ఎవరూ లేరని నేనే అనేసుకున్నా."

"ఇప్పుడున్నానుగా."

"అయితే నీది నువ్వే అను. నేను ఆగుతా." పేపరు మీద వేలు పెట్టి ఆగినచోటు వెతుక్కుంది. "గాలి వేగం సాధారణంగా ఉంటుంది."

ఆగింది.

పోస్టుమాను "ఊఁ" అన్నాడు.

పిడుగు ఇంకా ఆగే ఉంది. తాతయ్య గొంతు సవరించుకున్నాడు. కత్తి పోస్టుమాను చెంపకి ఆనించాడు.

"ఊఁ," అన్నాడు.